చెరువు చుట్టూ ఒక విస్తరి

ఇంటికి చుట్టాలొస్తే తలుపు వెనక నిలబడే వయసు నాకు చాలా ఏళ్లు నడిచింది (ఇప్పటికీ పూర్తిగా పోలేదు). ఆ కాలంలో నలుగురిలో నా నోటి నుంచి ఒక మాట రావాలంటే నానమ్మ చచ్చిపోవాల్సి వచ్చింది.

మా ఆర్మూరు వైపు మనిషి పోయిన మూడోనాడు చెరువు దగ్గర పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే వాళ్ల మనసులో ఏదో కష్టం మిగిలిందని అర్థం. ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినరు. మేం మటన్, గారెలు పెట్టి, కట్ట మీద విస్తరి చుట్టూ నిలబడ్డాం. కాకులు వచ్చాయి, తుమ్మచెట్టు మీద కూర్చున్నాయి, చూశాయి, దిగలేదు.

"ఎట్ల ముడ్తది?" అంది మేనత్త, అందరికీ వినపడేలా. "తలుపేసుకొని పెట్టిన బువ్వ ఇంకా యాదికున్నట్టుంది మా అవ్వకు."

అమ్మ తల వంచుకుంది. మంచాన పడ్డ నానమ్మకు ఒళ్లు తుడిచింది, అన్నం కలిపి తినిపించింది అమ్మే. తినిపించేటప్పుడు మాత్రం గది తలుపు వేసేది. కోడలు లోపల పెడుతోందో, మాడుస్తోందో అని ఆ తలుపు మీద కథలు పుట్టాయి. ఇవాళ కాకి ముట్టకపోతే ఆ కథలే నిజమైపోతాయి.

"కాకులన్ని మత్తడి దిక్కున్నయి, పాండ్రి" అన్నాడు మామయ్య, మేనత్త మొగుడు. విస్తరి పెట్టిన తట్ట నా చేతికి వచ్చింది. ఆదివారాలు ఫోటోల కోసం జనం నడిచే చుట్టుదారి అది. నీళ్లలో గుట్ట నీడ, అవతల ఆరబోసిన పసుపు. అంత అందమైన దారిలో నేను ఖాళీ కడుపుతో, చల్లారిపోతున్న మటన్ మోసుకుంటూ, కాకుల వెంట నడిచాను. చెరువు నిండితే నీళ్లు పొర్లే ఆ మత్తడి దగ్గర మేనత్త ఫోన్ ఎత్తి కాకికి చూపించింది. "అవ్వా, దుబాయిల నుంచి నీ కొడుకొచ్చిండే, ఒక్క బుక్క ముట్టు!" ఫోన్‌లోంచి నాన్న, "కాకేది? నాకు నీళ్లే కనవడ్తున్నయి" అన్నాడు. పసుపు కల్లాల దగ్గర మామయ్య ఇక తాగనని అత్తగారికి మాటిచ్చాడు (ఆమె కోసం తెచ్చిన కల్లు గ్లాసు ఆయన చేతిలోనే ఉంది, సగం). ఏ కాకీ నమ్మలేదు. చెరువంతా చుట్టి మళ్లీ తుమ్మచెట్టు కిందికే వచ్చాం.

"ఇగ లాభం లేదు వదినె. నువ్వే మాఫీ అడుగు" అంది మేనత్త.

అమ్మ విస్తరి ముందు మోకాళ్ల మీద కూర్చుని చేతులు జోడించింది. అప్పుడు నేను అరిచాను.

"అందరు జర దూరం పోండ్రి! గింతమంది నోట్లెకు చూస్తుంటే ఎవలు తింటరు? నానమ్మకు మూతి వణికేది, బువ్వ గడ్డం మీద పడేది. ఎవలు చూడద్దని ఆమెనే తలుపెయ్యమనేది!"

"ఎవలు మాట్లాడింది?" అన్నాడు ఫోన్‌లో నాన్న.

"నీ బిడ్డనే" అంది అమ్మ.

కట్ట దిగి, అందరం విస్తరికి వీపు పెట్టి కూర్చున్నాం. కాసేపటికి వెనక రెక్కల చప్పుడు. ఎవరూ తిరిగి చూడలేదు.

ఇంటికొచ్చాక మేనత్త మొదటి కంచం అమ్మకే పెట్టింది. పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుంది.

నేను మళ్లీ తలుపు వెనక్కే వెళ్లాను. ఇప్పటికీ పెళ్లి బంతిలో చివరి కుర్చీ వెతుక్కుంటాను. కానీ కట్ట మీద నడుస్తున్నప్పుడు ఏ కాకైనా దేన్నో పొడుచుకుంటూ కనిపిస్తే, ఆ రోజు అరిచిన పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. చూపు మాత్రం నీళ్ల వైపు తిప్పుకుంటాను.