పలక మీద శిఖరం

భోజనానికి వస్తున్నానని మొన్న మా బావగారు రేపల్లె నుంచి ఫోన్ చేస్తే, ఏం కూర వండాలా అన్నదాని కన్నా ముందు పలక ఎక్కడ దొరుకుతుందా అన్న ఆలోచన వచ్చింది నాకు. ఆయన మా ఆయనకు అన్నగారు, లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. మా వైపు కొత్త జంటను గుమ్మంలో ఆపి, ఒకరి పేరు ఒకరు చెబితే కాని లోపలికి రానివ్వరు. సంగం జాగర్లమూడి నుంచి నేను రేపల్లెకు కాపురానికి వచ్చిన రోజున ఈయన మా ఆయన పేరు పలక మీద రాసి ఆడపడుచు చేతికిచ్చి, "చెప్పడం ఎవరైనా చెబుతారు, చదివి రమ్మను" అన్నారు. నాకు అక్షరం ముక్క రాదని ఆయనకు తెలుసు. వాకిలంతా నవ్వింది. నలభై దాటాక వయోజనుల బడిలో నేను అ ఆలు దిద్దితే, చదువు మీద ఎంత ప్రేమో అని అందరూ మెచ్చుకున్నారు. నేను దిద్దింది కక్షతో.

ఆ కక్ష చల్లారేదేమో, ఆయన మా మనవరాలి జోలికి రాకపోతే. అది బాపట్లలో పరిశోధన చేసింది. బొగ్గు రవ్వ నింపిన గొట్టంలోకి గ్యాసులు పంపితే, బొగ్గు వాటిని ఎలా పట్టి ఎలా వదులుతుందన్నది దాని లెక్క. కొన్నిసార్లు వెనక వచ్చే గ్యాసు ముందున్నదాన్ని అందుకుని, అంతా ఒక్కచోట కుప్పపడి, ఆ కుప్పే ముందుకు నడుస్తుందట. కాగితం మీద గీత అక్కడ అంతులేని శిఖరమై నిలబడుతుంది. బావగారు ఆ బొమ్మ చూసి, "ఇదేంటమ్మా, ఆకాశానికి నిచ్చెనేశావు? తప్పు. చెరిపెయ్" అన్నారు.

"చెరిపితే లోపలికెళ్ళిన గ్యాసంతా ఏమైనట్టు పెద్దతాతయ్యా?" అంది పిల్ల.

"నాయనమ్మ పోలిక! నీకు డిగ్రీ వచ్చినట్టే."

అది బిక్కచచ్చిపోయి, పరిశోధనే మానేస్తానంది. "చెరిపావంటే నా ఇంట్లో నీకు మంచినీళ్ళు పుట్టవు" అన్నాను. చెరపలేదు. పరీక్షకులు ఆ శిఖరాన్నే మెచ్చి డాక్టరేటు ఇచ్చారు. ఈ భోజనం అందుకే.

ఆయన తెనాలిలో మేమిప్పుడుంటున్న ఇంటి మెట్లెక్కగానే గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టి, నేను రాసి ఉంచిన పలక చూపించాను. "చదివి రండి బావగారూ."

కళ్ళు చికిలించారు. జేబులు తడుముకున్నారు. "కళ్ళజోడు బస్సులో మర్చిపోయినట్టున్నానమ్మా."

"పోనీలే నాయనమ్మా, ఎండలో నిలబెట్టావు" అంది మనవరాలు వెనక నుంచి. నేను చెయ్యి తియ్యలేదు. అక్షరం అక్షరం కూడబలుక్కుని, పక్కింటికి వినబడేలా నేనే చదివాను: "శిఖరం నిజం. తప్పు నాది." పాఠం ఒప్పజెప్పించినట్టు ఆయన చేత అనిపించాకే దారి ఇచ్చాను. గోంగూర పప్పు మాత్రం అడగకుండానే మారు వడ్డించాను.

కాలం నా కోపాన్ని ఇసుమంతైనా తరగనివ్వకుండా మోసుకొచ్చింది. రేపల్లె గుమ్మంలో ఎత్తుకున్నదంతా తెనాలి గుమ్మంలో కుప్పపోసింది.