పద్దెనిమిది గంటల గేదె

నలభై రెండేళ్ళ కాపురంలో నేను మావారిని గేదెని చేసింది ఒక్కసారే. అదీ పద్దెనిమిది గంటలపాటు. లెక్కల టీచరుగా పనిచేసినదాన్ని. తప్పు చేశానేమో గానీ లెక్క తప్పలేదు.

మావారు మామిడికుదురులో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. అరవై అయిదు దాటాక మనిషి నీరసించిపోయారు. కాఫీ తాగిన పావుగంటకే కునుకు. కొబ్బరితోట వైపు పోయేవారే కాదు. అమలాపురంలో డాక్టరుగారు రెండుసార్లు పొద్దున్నే రక్తం తీయించి చూశారు. వయసుతోపాటు మగవాళ్ళలో తగ్గే హార్మోను ఈయనకి మరీ తగ్గిపోయిందన్నారు. నెల రోజులు ఒంటి తీరు రాసి తెమ్మన్నారు.

"ఎవరికీ చెప్పకు సుగుణా," అన్నారు ఈయన, తిరుగు బస్సులో. బడంతా వినిపించే ఆ గొంతు పక్క సీటుకే సరిగ్గా అందలేదు. చెప్పనని మాటిచ్చాను.

రాయడం నా పని. వంటింటి క్యాలెండరు మీద పేరు లేకుండా రాశాను. పగటి కునుకు రెండు గంటలు, చిరాకు మూడుసార్లు, తిండి సగం.

ఓరోజు సాయంత్రం నాలుగింటికి పక్కింటి కరుణ తోడు పెరుగు కోసం వచ్చి, అదంతా చదివేసింది.

"ఇది ఎవరికండీ, వదినగారూ?"

సరిగ్గా అప్పుడే పెరట్లో గేదె అరిచింది. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి కదా. "దానికేనమ్మా," అన్నాను.

కరుణది వెన్నలాంటి మనసు. మర్నాడు పదింటికల్లా, తాటిపాకలో పశువుల డాక్టరుగా ఉన్న తమ్ముణ్ణి సంచీతో సహా పంపించింది. అక్క చెప్పిన క్యాలెండరు చూపించమని ఆ అబ్బాయి పట్టుబట్టాడు. వరండాలో, మావారి ఎదురుగానే, చదవడం మొదలుపెట్టాడు.

"చిరాకుందన్నమాట. పొడుస్తోందాండి?"

"మాటలతోనే బాబూ."

అతని వేలు ఒక గడి దగ్గర ఆగింది. "గడ్డం గీయడం నాలుగు రోజులకోసారి, అని ఉంది. గేదెకి గడ్డం గీస్తున్నారాండి?"

నేలలోకి దిగిపోదామంటే కొత్తగా వేయించిన టైల్సాయె.

మావారు పడకకుర్చీలోంచి లేచారు. ప్రార్థన బెల్లు కొట్టినప్పుడు సర్దుకున్నట్టు చొక్కా సర్దుకున్నారు.

"ఆ గేదె నేనేనండి," అన్నారు.

తర్వాత హార్మోను సంగతి, కునుకు సంగతి, ఊరికే కళ్ళ నీళ్ళు తిరిగే సంగతి, అన్నీ పాఠం చెప్పినట్టు వరసగా చెప్పేశారు. బస్సులో పోయిన గొంతు వరండాలో తిరిగొచ్చింది.

ఆ అబ్బాయి నవ్వలేదు. "మా నాన్నగారూ ఇలాగేనండి మాస్టారూ. బద్ధకమని రోజూ తిట్టేస్తున్నాను. ఆ డాక్టరుగారు ఎక్కడుంటారండీ?"

మావారు చిరునామా రాసిచ్చారు. "ఎలాగూ వచ్చేరు కదండీ, అసలు గేదెని కూడా ఓసారి చూసెళ్ళండి. నిన్నటినుంచీ దాని పరువు పోయింది."

ఆ గేదె సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ఈ ఇంట్లో ఇకమీదట ఎవరి కునుకు వారి పేరు మీదే రాస్తాను.