అందరూ కూర్చున్న కుర్చీ

పోయిన వారం తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే బస్సులో నా ముందు సీటు పెద్దమనిషి, ఫోన్‌లో ఎవడో అడుగుతుంటే, తన బ్యాంకు కార్డు మీది అంకెలూ, ఆ వెంటనే మెసేజ్‌లో వచ్చిన అంకెలూ ఎక్కాలు అప్పజెప్పినట్టు గట్టిగా చదువుతుంటే ఉండబట్టలేక, వెనకనుంచి ఆ ఫోన్ లాక్కుని కట్ చేశాను. ఆయన లేచి నా చొక్కా పట్టుకున్నాడు. పక్కనున్నాయన ఏంటి సంగతని కూడా అడక్కుండా నా దవడ మీద ఒక్కటిచ్చాడు. బస్సంతా నన్నే దొంగనుకుంది. కండక్టరమ్మ అడ్డుపడి, "ఈ వయసులో ఇదేం పని తాతగారూ" అంటూ నన్ను ముందు తలుపు దగ్గర నిలబెట్టింది. నోట్లో ఉప్పగా రక్తం ఊరుతుంటే నాకు నవ్వొచ్చింది. ఈ దారిలో, ఇదే సంగతి మీద నేను తిన్న దెబ్బల్లో ఇది మొదటిది కాదు మరి.

మన ఈడు వాళ్ళకి చెబితే అర్థమవుతుంది. ఏడో తరగతితో బడి మానేసి తెనాలిలో రేడియోలు బాగుచేసుకుంటూ బతికినవాణ్ణి. టీవీలొస్తే టీవీలు నేర్చుకున్నాను, కంప్యూటర్లొచ్చాక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒక పక్కా, నిఘంటువు ఒక పక్కా పెట్టుకుని మాటామాటా కూడబలుక్కుని అవీ నేర్చుకున్నాను. ఆ విద్యతో సంచీ భుజాన వేసుకుని బాపట్లా, రేపల్లే, మధ్యనున్న పల్లెలూ తిరిగాను. యంత్రం నన్నెప్పుడూ విసిగించలేదు, విసిగించింది మనుషులే. ఒక ఆఫీసులో పాస్‌వర్డ్ గోడ మీద సుద్దముక్కతో రాసి ఉంటే తుడిచేశాను, హెడ్ గుమాస్తా నా మీదికి స్టూలెత్తాడు. ఒక ఇంట్లో వైరస్ పట్టిందన్నానని మానిటర్‌కి నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి కట్టారు, విప్పబోతే ఆ ఇంటి పెద్దావిడ అట్లకాడతో నా చేతి మీద వాతలు తేలేలా కొట్టింది. బహుమతి వచ్చిందని తెర మీద కనబడితే చాలు నొక్కేవాళ్ళు, నొక్కాక కంప్యూటర్ మూలపడితే, మొన్న చూసింది మీరే కదండీ, మీరే ఏదో చేసి ఉంటారండీ అని నన్ను నిలదీసేవాళ్ళు. తల గోడకేసి బాదాలనిపించేది, నాది కాదు, వాళ్ళది.

అవన్నీ ఒక ఎత్తు, రేపల్లె ఫోటో స్టూడియో ఒక ఎత్తు. దాన్ని నడిపే అతన్ని నేను తమ్ముడూ అనేవాణ్ణి, అతను నన్ను అన్నగారూ అనేవాడు. ఆ రోజుల్లో పెళ్ళి హడావిడి తగ్గాక ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ స్టూడియోకి వచ్చి, కంప్యూటర్ ముందున్న ప్లాస్టిక్ కుర్చీలో ఒకళ్ళ తరవాత ఒకళ్ళు కూర్చుని, ఆల్బమ్‌లోకి ఏ ఫోటోలు ఎక్కాలో వాళ్ళే ఏరుకునేవాళ్ళు. ఆదివారం చర్చి వదిలాక అయితే అక్కడ తిరనాళ్ళే. తమ పెళ్ళి ఫోటోలు చూడ్డం అయ్యాక పక్కవాళ్ళ పెళ్ళివీ చూసేవాళ్ళు, వధువు మెళ్ళో హారం అసలుదా గిల్టుదా అని తేల్చేవాళ్ళు, మాకో కాపీ అని తెచ్చుకున్న పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించుకుపోయేవాళ్ళు. తమ్ముడు టీలు తెప్పించేవాడు.

నేను పోట్లాడి పోట్లాడి ఒకసారి ఆ కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ పెట్టించాను. సరిగ్గా ఆ వారమే వాళ్ళ బావ వచ్చాడు. బావంటే అక్క మొగుడు, బాపట్లలో టిఫిన్ హోటల్ నడిపేవాడు, మనిషి బంగారం, కోపం మాత్రం ముక్కు మీద ఉండేది. తమ్ముడు నన్నూ ఇంటికి భోజనానికి పిలిచాడు. ఆ భోజనం మధ్యలో, అందరి ముందూ, ఆ పాస్‌వర్డేంటో చెప్పమన్నాడు బావ. తమ్ముడు నా మొహం చూశాడు. మీకనే కాదండీ, ఎవరికీ చెప్పకూడదండీ అన్నాను నేను. ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకుని, "ఓహో, పిల్లనిచ్చిన ఇంట్లో నాకు తెలీకూడని గుట్టు కూడా ఉందన్నమాట. బాగుంది పాస్‌వర్డ్ మాస్టారూ, బాగా నేర్పారు" అని బస్టాండుకి వెళ్ళిపోయాడు. మర్నాడు తమ్ముడు ఫోన్ చేశాడు. అక్క ఏడుస్తోందట, బావ ఆమెతో మాట్లాడ్డం మానేశాడట, దండం పెడతాను ఆ తాళం తీసెయ్యండి అన్నాడు. వెళ్ళి అతన్ని బూతులు తిడుతూనే తీశాను. రేపు ఏదన్నా జరిగితే ఎవరు చేశారో నీకే తెలీదురా అంటే, "వచ్చేది మనవాళ్ళే కదన్నగారూ" అని నవ్వాడు.

జరిగింది. నగరం మండలంలో ఒక పల్లెటూరి పిల్ల, బాపట్లలో డిగ్రీ చదువుకుంటూ, స్నేహితురాలి పెళ్ళిలో పూలపళ్ళెం పట్టుకుని నవ్వుతూ ఫోటో దిగింది. ఆ పిల్ల చేసిన నేరం అంతే. ఆ నవ్వు మొహాన్ని ఎవడో కోసి, సిగ్గూ ఎగ్గూ లేని ఒక ఒంటికి అతికించి ఊరందరి ఫోన్లకీ పంపాడు. పిల్ల కాలేజీ మానేసి, గదిలో తలుపేసుకుని అన్నం ముట్టలేదు. ఆ పెళ్ళి ఆల్బమ్ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, ఆ ఫోటోకి స్టూడియోలోంచి తప్ప బయటికి వచ్చే దారి లేదు. ఆ సంగతి ఆమె అన్నలిద్దరికీ అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు.

వాళ్ళు వచ్చేసరికి నేను ప్రింటర్ విప్పుకుని స్టూడియోలోనే కూర్చున్నాను. పెద్దవాడు షట్టర్ సగం దించాడు. చిన్నవాడు కెమెరా స్టాండు తీసి ముందు మానిటర్ పగలగొట్టి, ఆ తరవాత తమ్ముడి వీపు మీదికి దింపాడు. మా చెల్లి ఫోటో ఎవడికిచ్చావురా అన్నారు. ఇవ్వలేదు బాబూ, యేసయ్య తోడు అన్నాడు. "మరి ఈ కుర్చీలో ఎవడు కూర్చున్నాడో చెప్పరా!" "అందరూ కూర్చున్నారు బాబూ." ఆ జవాబుకి ఇంకో దెబ్బ పడింది. మళ్ళీ అడిగారు, మళ్ళీ అందరూ అన్నాడు, మళ్ళీ పడింది. పాపం, అబద్ధమాడ్డం లేదు, చెప్పడానికి అతని దగ్గర ఒక్క పేరు లేదు. నేను మధ్యలోకి చెయ్యి పెట్టాను, స్టాండు నా కుడిచేతి మీద పడింది, రెండు వేళ్ళు చిన్న చప్పుడుతో విరిగాయి, ఇప్పటికీ అవి వంగవు. పెద్దవాడు తమ్ముడి జుట్టు పట్టి గాజుపెంకుల్లోకి మొహం నొక్కాడు. పెంకు కంటి దాకా వచ్చింది. అప్పుడు అతని నోట్లోంచి ఒక పేరు వచ్చింది.

బావ పేరు.

మా బావ కూడా కూర్చుంటాడు, తాళం తీయించింది ఆయనే అన్నాడు. అందులో అబద్ధం లేదు. కానీ వాళ్ళకి పేరు కావాలి, పేరు దొరికింది. మోటార్‌సైకిల్ బాపట్ల వైపు తిరిగింది. నేను ఎడమచేత్తో ఆ హోటల్‌కి ఫోన్ చేశాను. బావే ఎత్తాడు, వెనక గరిటెల మోత, జనం గోల. కొట్టడానికొస్తున్నారండీ, హోటల్ మూసేసి పొండి అని అరిచాను. "రానివ్వండి పాస్‌వర్డ్ మాస్టారూ. నేనేం చేశానని దాక్కోను? వస్తే రెండు బజ్జీలు పెట్టి అడుగుతాను, సంగతేంటని" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. పోలీసులకి చెప్పాను, వాళ్ళు వెళ్ళేసరికే అంతా అయిపోయింది. అడగడం లేదు, చెప్పడం లేదు, మరుగుతున్న బజ్జీల మూకుడు తన్నేశారు. బావకి మోకాళ్ళ కిందంతా ఆ నూనె.

ఆసుపత్రిలో చర్మం ఊడుతున్న ఆ కాళ్ళ దగ్గర కూర్చున్న అక్క, కంటికి కట్టుతో వచ్చిన తమ్ముణ్ణి గుమ్మంలోనే ఆపేసింది. "కొడుతున్నారు, నిజమే. చచ్చిపోతావు, అదీ నిజమే. అయినా ఊళ్ళో ఇంతమందుంటే, నీ నోటికి నా మొగుడే దొరికాడంట్రా?" అంది. అడిగిన మనిషికి చెప్పకపోతే చిన్నబుచ్చుకుంటాడని తాళం తీసినవాడు, ఆ మనిషినే కాలబెట్టించాడు.

ఫోటో దొంగిలించింది పెళ్ళికొడుకు స్నేహితుడని తరవాత పోలీసులు తేల్చారు, ఊరికే సరదాకి చేశాట్ట వెధవ. అన్నలిద్దరూ జైలుకెళ్ళి వచ్చి, బావ మంచం పట్టుకుని ఏడ్చారు. ఆయన వాళ్ళని క్షమించాడు. బావమరిదిని మాత్రం క్షమించలేదు. కర్ర పట్టుకుని నడిచినన్నాళ్ళూ రేపల్లె బస్సెక్కలేదు, పోయినప్పుడు కూడా అక్క తమ్ముడికి కబురు పెట్టలేదు. ఆ పిల్ల కాలేజీకి మళ్ళీ వెళ్ళిందట, ఫోటో మాత్రం ఎప్పుడూ దిగలేదని విన్నాను.

నా మాట తప్పని నేననను, ఎవరన్నా అంటే ఈ వయసులో కూడా ఊరుకోను. తాళం ఉండాల్సిందే. ఇన్నేళ్ళకి జనం నేను అరిచి చెప్పినట్టే నడుస్తున్నారు. ఎవరి ఫోన్ వాళ్ళది, వేలు పెడితే గానీ తెరుచుకోదు, పెళ్ళి ఫోటోలు ఎవరి గదిలో వాళ్ళు కూర్చుని ఏరుకుంటున్నారు. మొన్నొక ఇంటికి వెళితే మొగుడి ఫోన్‌కి ఒక గుట్టు, పెళ్ళానికి ఒకటి, అత్తగారికి ఒకటి, ఒకరిది ఒకరికి తెలీదు, ఎవరూ ఎవర్నీ అడగరు. భేష్ అన్నాను పైకి. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే మాత్రం ఎందుకో ఆ బావ గుర్తొచ్చాడు. చెప్పలేదని అన్నం ముందునుంచి లేచిపోయేటంత చనువున్న మనిషి ఒక్కడు కూడా ఏ ఇంట్లోనూ ఇప్పుడు నాకు కనబడ్డం లేదు.