ఫలహారం బండికి జీపు ఇంజన్

మా ఆయనకు ఆ కారు మీద ఉన్న శ్రద్ధలో పావు వంతు ఇంటి కప్పు మీద ఉన్నా, వానాకాలంలో మా గిన్నెలన్నీ గదుల్లో కారే నీళ్ల కింద కాక పొయ్యి దగ్గరే ఉండేవి.

డెబ్బైల నాటి సంగతి. యాకుత్‌పురా స్టేషన్ వెనక సందులో ఉండేవాళ్లం. ఆయన కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఎవరి షెడ్డులోనో తుప్పు పట్టిపోతున్న చిన్న ఇంగ్లీషు కారును తెచ్చి వాకిట్లో పెట్టుకున్నాడు. దాని ఇంజన్ ముసలిది, కొంచెం ఎత్తు వచ్చినా దగ్గుతూ ఆగిపోయేది. దాన్ని తీసేసి, పాత జీపు నుంచి ఊడదీసిన పెద్ద ఇంజన్ పెడదామని ఆయనా, కిషన్‌బాగ్ నుంచి వచ్చే మెకానిక్ ఉస్తాదూ తీర్మానించుకున్నారు.

నెలల తరబడి ఆ ఇంజన్ మా వాకిట్లో మూడు దుంగల మధ్య గొలుసుకు వేలాడింది. నేను ముగ్గు వేసే చోట నల్ల నూనె మడుగు కట్టింది. నా నూరే రాయి చక్రం కింద అడ్డంగా పోయింది. చాయ జాలీతో పెట్రోలు వడగట్టి, కడిగి పెట్టామన్నారు. ఆ తర్వాత మా ఇంటికి వచ్చిన చుట్టాలెవరూ రెండో కప్పు అడగలేదు. చివరికి ఇంజన్ లోపల కూర్చుంది గాని బానెట్ మూతపడలేదు, దాన్ని కోసేశారు. ఇంజన్‌ను చల్లబరిచే జీపు రేడియేటర్‌కు జాగా మిగలలేదు, కారుకు ముందు నుంచీ ఉన్న చిన్నదాన్నే మళ్లీ బిగించారు.

ఇదంతా సహించేదాన్నే, మా అత్త మొక్కు అందులో పడకపోతే. మా ఆయనకు పసితనంలో అమ్మవారు పోసినప్పుడు, పిల్లవాడు బతికితే బోనాలకు ఫలహారం బండి కడతానని ఆమె మొక్కుకుంది. పండ్లు, పూలు, వేపమండలు కట్టిన బండిని డప్పులతో గుడి దాకా నడిపించాలి. ఏదో ఒక కష్టంతో ఏళ్లు జరిగిపోయాయి. ఆ సంవత్సరం ఆమె కాళ్లు వాచి, ఇంకో ఆషాఢం చూస్తానో లేదో అని రోజూ అనేది. మొక్కు బండి గుడి చేరకుండా దారిలోనే ఆగిపోతే మొక్కు తీరనట్టే. అందుకే పాలవాళ్ల ఎడ్లబండి మాట్లాడతానన్నాను. ఆయన వినలేదు, కారుకే కడదామన్నాడు.

“గా కారు మెల్లగ నడుస్తదా?” అని అడిగాను.

“ఉరికేటోనికి నడుసుడు రాదానే?”

పక్కనే ఉన్న ఉస్తాద్, “ఫికర్ నక్కో భాభీ. వెన్న లెక్క పోతది” అని సాక్ష్యం పలికాడు.

పండుగ దగ్గర పడేకొద్దీ ట్యూనింగ్ లొల్లి మొదలైంది. ఒకరు కార్బురేటర్ స్క్రూ తిప్పుతారు, ఇంకొకరు కళ్లు మూసుకొని వింటారు. ఇద్దరి చెవులూ ఏనాడూ ఒప్పుకోలేదు. సాయంత్రాలు కంచన్‌బాగ్ వైపు ఖాళీ రోడ్డు మీద ఉరికించి వచ్చి, లారీని దాటేశామని మురిసేవారు. మన సందులో నడక వేగంలో ఒక్కసారి నడిపి చూడండయ్యా అంటే, నాకు ఇంజన్ల సంగతి తెలియదన్నారు. నిజమే. అప్పటికి నాకు అక్షరాలే రావు, ఇంజన్ వేడిని చూపే ముల్లు కారులో ఉంటుందని ఎలా తెలుస్తుంది? చదవడం వచ్చిన వాళ్లిద్దరూ పండుగ పొద్దున దాన్ని బంతిపూల దండతో కప్పేశారు.

డప్పులవాళ్లు నాలుగడుగులు వేసి, నిలబడి వాయించి, మళ్లీ కదులుతారు. కారు మాత్రం నిలబడనంటుంది. ఆయన బ్రేకు మీద దాదాపు లేచి నిలబడ్డాడు. సందు మలుపు రాకముందే పూల మధ్య నుంచి తెల్లగా పొగ లేచింది. సాంబ్రాణి అనుకొని కొందరు దండం పెట్టారు. బుస్సుమని ఆవిరి చిమ్మి ఇంజన్ ఆగిపోయింది.

కొంచెం చల్లారాక నీళ్ల కోసం వెతికారు. చేతికి అందింది మా అత్త చెంబులోని సాక. అమ్మవారి ముందు పోసే పసుపు, వేపాకు నీళ్లు అవి. నేను వద్దనేలోగా ఆమె చెంబు అందించింది.

“పొయ్యి బిడ్డా. గుడి దాక పోవుడే గావాలె.”

పోశారు. ఇంజన్ లేచి, ఇంకో రెండిళ్లు దాటి, మళ్లీ ఉడికింది. మా అత్త ఎవరిదో అరుగు మీద కూలబడి, “అమ్మ అలిగింది” అంది. ఏడవలేదు. ఏడ్చినా నాకు అంత కోపం వచ్చేది కాదు. తల మీద ఎత్తుకున్న బోనం కుండతోనే కారు దగ్గరికి వెళ్లాను. అక్కడ వాళ్లిద్దరూ స్క్రూ ఎటు తిప్పాలా అని వాదించుకుంటున్నారు.

“ఇంజన్ బంద్ చెయ్యి. స్టీరింగ్ పట్టుకొని కూసో. ఇంకేం ముట్టకు” అని, డప్పులవాళ్ల వైపు తిరిగి, “అన్నా, జర నూకుండ్రి” అన్నాను.

వాయించడానికి ఒకరిని ఉంచి మిగతావాళ్లు డప్పులు వీపుకు వేసుకున్నారు. ఉస్తాద్ కూడా చొక్కా చేతులు మడిచి వెనక చేరాడు. కారు డప్పు దెబ్బకు తగ్గట్టు కదిలింది, ఆగమన్న చోట ఆగింది. మా వాకిట్లోకి వచ్చినప్పటి నుంచి అది అంత బుద్ధిగా ఉండడం నేను చూడలేదు. మా అత్త లేచి, కారు తలుపు పట్టుకొని గుడి దాకా నడిచింది.

పండ్లు దింపుతుంటే ఒక డప్పాయన చెమట తుడుచుకుంటూ, “అక్కా, మల్ల మొక్కుకుంటే ఇంజన్ ఇంట్ల పెట్టి రాండ్రి. మస్తు బరువున్నది” అన్నాడు.

మా అత్త కూడా నవ్వింది. కొబ్బరికాయ కొట్టి వచ్చి, “తీరింది బిడ్డా” అని నా భుజం పట్టుకుంది. ఆమెను కూర్చోబెట్టి, ప్రసాదం తీసుకొని ఆయన కోసం చూశాను. వాళ్లిద్దరూ పూలదండలు పక్కకు జరిపి, కారు ముందు వంగి, ఇంకా పెద్ద రేడియేటర్ ఎక్కడ పడుతుందో జానలతో కొలుస్తున్నారు. పిలిచాను. వినబడలేదు. ఆయన వంతు ప్రసాదం కూడా కారు నెట్టినవాళ్లకే పెట్టేశాను.