తలుపుల్లేని అలమర

అలమరకు తలుపులు లేకపోతేనే వంటిల్లు అందంగా ఉంటుందని నేను మనస్ఫూర్తిగా నమ్మిన రోజులు కొన్ని ఉండేవి. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మెడలో కొత్త తాళి, చేతిలో కొత్త ఫోను, నోటి నిండా సలహాలు. ఇప్పుడు ఎవరైనా అదే ముచ్చట నా ముందు పెడితే వాదించే ఓపిక కూడా లేదు. అట్లాగే చేసుకో తల్లీ అంటాను. దుమ్ము తుడవబోయేది నా చెయ్యి కాదు కదా, మధ్యలో నేనెందుకు నోరు నొప్పి పెట్టుకోవడం.

నాది పులివెందుల. ఇచ్చింది ప్రొద్దుటూరుకు. మా ఆయన వాళ్లది రాజుపాలెం దగ్గర పల్లె. ఆయన టౌనులో మోటార్లకు వైండింగు చేసే అంగడి పెట్టుకున్నాక, మా పెళ్లయిన ఏడాదే రెండు గదులూ వంటిల్లూ ఉన్న చిన్న ఇల్లు కట్టారు. ఆ ఇంటి విషయంలో మా అత్త నోరు తెరిచి అడిగింది ఒక్కటే, వంటింటి అలమరకు తలుపులు. పల్లెలో పాత ఇంట్లో ఆమెకు అలమర అంటే గోడలో దూర్చిన నాలుగు కడప బండలు. వాటికి తలుపూ లేదు, మూతా లేదు. ముప్పై ఏళ్లు వాటి మీద దుమ్ము తుడిచిన మనిషి. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పటికి నాకు తెలిసిందల్లా ఫోనులో చూసిన బొమ్మలు. తెల్లటి గోడ, దానికి రెండు చెక్కలు, చెక్క మీద ఆరు కప్పులు, పక్కన చిన్న కుండీలో ఒక మొక్క. (ఆ బొమ్మల్లో ఎక్కడా నూనె డబ్బా లేదు, మిరప్పొడి లేదు, పోపుల డబ్బా లేదు. ఆ ఇంటివాళ్లు ఏం తిని బతుకుతారో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.)

వడ్రంగి మేస్త్రికి ఆ బొమ్మ చూపిస్తే కళ్లద్దాలు పైకి జరిపి చూసి, "తలుపు లేకపోతే అది అలమర కాదుమ్మా, అంగడి" అన్నాడు. నాకు రోషం వచ్చింది. కళ్లెదుట ఉంటే ఏ వస్తువు ఎక్కడుందో వెతుక్కునే పని ఉండదనీ, గాలి ఆడుతుందనీ, తలుపులు తీసీ వేసీ చేతులు పీకవనీ ఒక ఉపన్యాసం ఇచ్చాను. మేస్త్రి మా అత్త వైపు చూశాడు. ఆమె ఒక్క క్షణం ఆగి, "పాప ముచ్చట పడతాంది, కానీలే అప్పా" అని పెరట్లోకి వెళ్లిపోయింది. నేను గెలిచాననుకున్నాను. ఆమె ఆగిన ఆ ఒక్క క్షణం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మొదటి వారం బాగానే ఉంది. వచ్చినవాళ్లకల్లా చూపించాను, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి మా అమ్మకు పంపాను. రెండో వారం నుంచి మొదలైంది. మా వీధిలో అప్పటికి రోడ్డు సగమే వేశారు. మిగిలిన సగం రోజూ మా ఇంట్లోకి వచ్చేది. ఉత్త దుమ్మయితే గుడ్డతో దులిపితే పోతుంది. కానీ పూటపూటా తిరగబాత, అదే పోపు, పెడితే లేచే నూనె ఆవిరి ముందు వెళ్లి గిన్నెల మీద కూర్చుంటుంది, ఆ జిగురు మీద దుమ్ము వచ్చి కూర్చుంటుంది. ఆ రెండూ ఒకసారి కాపురం పెట్టాయంటే మామూలు గుడ్డకు లొంగవు. సబ్బు నీళ్లు కావాలి, వేణ్నీళ్లు కావాలి, అన్నిటికంటే ముందు ఓపిక కావాలి. పై అర దింపి, తోమి, తుడిచి, ఎండబెట్టి, మళ్లీ సర్ది కింది అరకు వచ్చేసరికి వారం గడిచేది, పై అర మళ్లీ తయారుగా ఉండేది. మిరపకాయలు దంచిన రోజయితే ఇక చెప్పనక్కర్లేదు. మంచినీళ్ల గ్లాసు కూడా కారంగా ఉండేది. ప్రతి గిన్నెనూ వాడే ముందు ఒకసారి, వాడాక ఒకసారి కడుక్కోవాలి. చేతులు పీకకుండా ఉండడానికి తలుపులు వద్దన్నదాన్ని, రాత్రి పడుకునేటప్పుడు రెండు చేతులకూ నొప్పుల మందు రాసుకునేదాన్ని. మా అత్త చూసేది, ఏమీ అనేది కాదు. అని ఉంటే బాగుండేది, కనీసం పోట్లాడుకునేవాళ్లం.

దుమ్మునైనా ఓర్చుకోవచ్చు, అసలు చిక్కు పేర్లతో వచ్చింది. మా వైపు పెళ్లికో గృహప్రవేశానికో ఎవరు గిన్నె ఇచ్చినా, చెంబు ఇచ్చినా దాని మీద పేరు కొట్టించి ఇస్తారు. ఇచ్చినవాళ్లు మర్చిపోయినా గిన్నె మర్చిపోదు. తలుపులున్న ఇంట్లో ఆ పేర్లన్నీ చీకట్లో గుట్టుగా ఉంటాయి. మా ఇంట్లో ఊరంతటికీ కనపడేలా వరసగా నిలబడ్డాయి. వచ్చిన చుట్టాలంతా మంచినీళ్లు తాగుతూ తాగుతూ అలమర చదివేవాళ్లు, తమ పేరు ఏ అరలో ఉందో, ఎవరి పక్కన ఉందో. చాపాడు మామ అని మా ఆయనకు వరసైన ఒక పెద్దాయన, తన డబ్బా కింది అరలో ఉల్లిగడ్డల బుట్ట పక్కన కనిపించిందని రెండు నెలలు ఫోను ఎత్తలేదు. అప్పటి నుంచి మా ఆయన అంగడి నుంచి ఫోను చేసి ఫలానావాళ్లు వస్తున్నారు, వాళ్లది ముందుకు పెట్టు అని చెప్పేవాడు. నేను స్టూలెక్కి వాళ్ల గిన్నెను ముందు వరసకు జరిపేదాన్ని. వాళ్లు వెళ్లగానే తర్వాతి వాళ్లది. నా కాపురంలో మొదటి ఏడాది సగం ఆ స్టూలు మీదే గడిచింది.

ఇట్లా ఉండగా జమ్మలమడుగామె వస్తున్నట్టు కబురొచ్చింది. ఆమె మా మామకు అక్క, మా ఆయనకు మేనత్త. మా మామ చిన్న వయసులోనే పోతే, ఇద్దరు పిల్లలతో మిగిలిన మా అత్త దగ్గర ఆరు నెలలుండి, సేద్యం చేయించి, ఇల్లు నిలబెట్టి పోయిన మనిషి. అట్లాంటి ఆమె పేరు మా పెళ్లి పత్రికలో మూడో వరసలో పడింది. అచ్చువేసినవాడి పొరపాటో, రాసిచ్చిన మా ఆయన పొరపాటో ఇప్పటికీ తేలలేదు. (తేల్చడానికి నాకు ఆసక్తి ఉంది గానీ, ఆయనకు లేదు.) ఆమె పెళ్లికి వచ్చి, అక్షింతలు వేసి, విస్తరి ముందు కూర్చోకుండానే బస్సెక్కింది. ఏడాదిగా మాటల్లేవు. ఇప్పుడు ప్రొద్దుటూరులో కంటి డాక్టరుకు చూపించుకోవడానికి వస్తోందని తెలిసి మా అత్త బతిమాలి కబురు పెడితే, "ఇల్లు చూసి పోతా, తినేది మాత్రం లేదు" అని జవాబు వచ్చిందట. మా అత్త ఆ రెండు రోజులూ నిలకడగా ఒకచోట కూర్చోలేదు. ఒకసారి నాతో, "ఒక్క ముద్ద తింటే సాలు పాపా. ఇంగేం అడగను" అంది.

నా వంతుగా నేను ఆమె గిన్నె వెతకడం మొదలుపెట్టాను. ఉన్న గిన్నెలన్నీ దింపి ఒక్కొక్క పేరూ చదివాను. ఆమె పేరు లేదు. మూడుసార్లు చదివాను. పాత గిన్నెలు పెట్టిన గోనెసంచి కూడా విప్పాను. మా అత్తను అడిగితే, నాటుకోడి కూరకు మసాలా నూరుతూ తలెత్తకుండా, "అది యాడికి పోతాది, ఉంటాదిలే" అంది. ఎప్పుడో పాత సామాన్లవాడికి వేసేసి ఉంటారు, ఈమె మర్చిపోయింది అనుకుని గోనెసంచి ఇంకోసారి విప్పాను.

ఆ రోజు పొద్దున మా అత్త, నన్ను రాగి సంగటికి ఎసరు పెట్టమని చెప్పి, ఆమెను పిలుచుకుని రావడానికి ఆసుపత్రికి ఆటోలో వెళ్లింది. మా ఆయన అంగట్లో ఏదో పెద్ద మోటారు వచ్చిందని ముందే జారుకున్నాడు. నేను చివరిసారి అలమర చూసుకున్నాను. అంతా తళతళలాడుతోంది, కింద పొయ్యి పక్కనున్న సంగటి గిన్నె తప్ప. అది అడుగు నల్లబడిన ఇత్తడి గిన్నె. ఒక పక్క సొట్ట, అంచు వంకర, మీద పేరూ ఊరూ ఏమీ లేదు. ఇంత అందం మధ్య అది ఎందుకని తీసి సజ్జ మీద, అట్టపెట్టెల వెనక తోసేశాను. సంగటికి మా పుట్టింటివాళ్లు ఇచ్చిన కొత్త స్టీలు గిన్నె పెట్టాను. అద్దంలాంటి గిన్నె, రేకులాంటి అడుగు. సంగటి మందపాటి గిన్నెలో, నిదానం మంట మీద ఉడకాలని తెలియని వయసు కాదు. అందం ముందు గుర్తుకు రాలేదు.

వాళ్లు వచ్చారు. జమ్మలమడుగామె కాళ్లు కడుక్కుని, కుర్చీ వేస్తే కూర్చోకుండా, నల్ల కళ్లద్దాలు తీసి నేరుగా వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది. పై అర నుంచి చదవడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి. పదో తరగతి ఫలితాలప్పుడు కూడా నేనంత భయపడలేదు. కింది అర దాకా చదివి, "పులివెందలోళ్లంతా ఉండారు. చాపాడాయప్ప కూడా ఉండాడు" అంది నెమ్మదిగా. "నాది యాడుండాది?"

నేను నోరు తెరిచేలోపు వాసన వచ్చింది. ముందు సన్నగా, తర్వాత ఇల్లంతా. "అడుగంటింది" అంది ఆమె, పొయ్యి వైపు చూడకుండానే. మా అత్త పరిగెత్తి వచ్చి మంట ఆర్పింది. కొత్త గిన్నెను చూసింది, పొయ్యి పక్క ఖాళీని చూసింది, నన్ను చూసింది.

"సంగటి గిన్నె ఏది పాపా?"

నేను పైకి చూపించాను. నాకు బాగా అలవాటైన ఆ స్టూలెక్కి, అట్టపెట్టెలు జరిపి, దాన్ని దింపాను. మా అత్త కొంగుతో దాని దుమ్ము తుడిచి ఆమె చేతుల్లో పెట్టి, "ఇదే వదినా నీది" అంది.

ఆమె దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చుట్టూ తిప్పి చూసింది. ఆమె ముఖం నల్లబడింది. "దీని మీద నా పేరేది? గీకేసినారా?"

"ఎవురు గీకుతారు? నా పెండ్లికి నువ్వు ఇచ్చిన కాడ్నుంచి దినామూ దీంట్లోనే కదా సంగటి. బూడిద పెట్టి తోమీ తోమీ అరిగిపోయింది." మా అత్త ఆ గిన్నె మీద చెయ్యి వేసింది. "నువ్వు మా ఇంట్లో తిననంటే ఎట్ల వదినా? మేము ఇన్నేండ్లూ తిన్నది నీ గిన్నెలోదే."

ఆమె అంచు కింద బొటనవేలితో తడుముతూ పోయింది. ఒకచోట వేలు ఆగింది. అక్షరం ముక్క ఏదైనా మిగిలిందేమో, నాకు కనపడలేదు. మూడుసార్లు వెతికిన నా కళ్లకు దొరకని పేరు ఆమె వేలికి దొరికింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. మాడు వాసన వంకతో ముక్కు తుడుచుకున్నాను.

"ఆ మాడింది అవతల పెట్టండి" అంది ఆమె చివరికి. "రాగిపిండి ఇంగా ఉండాదా?"

చీర కుచ్చిళ్లు ఎగదోపి ఆమే ఎసరు పెట్టింది, ఆమే కట్టెతో కెలికింది, వేడివేడిగా ముద్దలు చేసింది. ఒకటి కాదు, రెండు తింది, కోడి కూర మళ్లీ వేయించుకుంది. చెయ్యి కడుక్కుంటూ నాకు ఒకే ఒక్క మాట చెప్పింది. "అలమరకు తలుపులు పెట్టియ్యి పాపా. మా మరదలు దుమ్ము తుడిచింది సాలు." ఆ వారంలోనే మేస్త్రి మళ్లీ వచ్చి తలుపులు బిగించిపోయాడు. పెద్దమనిషి, నవ్వలేదు. మా అత్త ఆ తలుపు తీసి వేసి, తీసి వేసి చూసుకుంది. నేను దుమ్ము గుడ్డ ఉతికి ఆరేసి, పట్టపగలు రెండు గంటలు నిద్రపోయాను.

మొన్న వేములకు వెళ్లాను. మా ఆడబిడ్డ అక్కడ కొత్త ఇల్లు కట్టుకుంది. వంటింట్లో తెల్లటి గోడకు చెక్క అరలు, తలుపుల్లేవు. కుండీలో మొక్క కూడా ఉంది. శానా బాగుందమ్మా అన్నాను. మంచినీళ్లు తాగుతూ ఉంటే నా కళ్లు నా మాట వినకుండా పై అర నుంచి చదవడం మొదలుపెట్టాయి. గృహప్రవేశానికి నేనిచ్చిన గిన్నె ముందు వరసలోనే ఉంది. నా పేరు ఒక్క పొల్లు కూడా చెడకుండా మెరుస్తోంది. ఒక్క పూటైనా పొయ్యెక్కినట్టు లేదు, ఒక్కసారైనా తోమినట్టు లేదు. తినకుండా బస్సెక్కితే ఎట్లా ఉంటుందని నిజంగానే ఒక్క నిమిషం ఆలోచించాను. అప్పుడు కనిపించింది, వెనక వరసలో, జిగురు పట్టిన దుమ్ము మధ్య, సరిగ్గా నా గిన్నె అడుగంత గుండ్రటి శుభ్రమైన చోటు. పొద్దున్నే స్టూలెక్కి ముందుకు జరిపినట్టుంది పిల్ల. వెనక తుడవడం మరిచిపోయింది, పాపం. దాని చేతులు ఎంత పీకుతున్నాయో అనిపించింది. రెండు ముద్దలు తిని వచ్చాను.