ఒక ముడి కిందివి, రెండు ముళ్లు పైవి

మా చిన్న కొడుకు పోయి రేపటికి రెండు నెలలు. ఎవరింట్లోనో మెట్ల మీది లైటు బాగుచేస్తుంటే కరెంటు కొట్టింది. ఆ ఇంటివాళ్లే ఫోన్ చేశారు. "బేగ బర్రి అవ్వా" అన్నారు కన్నడంలో, తొందరగా రమ్మని. ఏమైందని అడిగితే చెప్పలేదు. మళ్లీ అదే మాట అన్నారు. రెండోసారికి నాకు తెలిసిపోయింది.

నేను నాలుగో తరగతి వరకే చదివాను. రాయచూరులో పత్తి మిల్లు కూలితో పిల్లల్ని పెంచిన దాన్ని. రాయడం నా పని కాదు. కానీ నేను రాయకపోతే, కరెంటు కొట్టి పోయిన వైర్‌మన్ అని ఒక్క ముక్కే మిగులుతుంది వాడికి. వాడు అంతకంటే ఎక్కువ మనిషి.

పని నుంచి రాగానే జేబులన్నీ గుమ్మం దగ్గరే ఖాళీ చేసేవాడు. స్క్రూలు, టేపు ముక్కలు, వైరు మీద ఒలిచిన తోలు. స్క్రూలను నా పోపుల పెట్టెలో ఒక గిన్నె ఖాళీ చేసి పోసుకున్నాడు. "మెంతులనుకొని చారుల ఏస్తవేమో, జర చూసుకో" అనేవాడు. ఆ గిన్నె ఇప్పటికీ ఆవాల పక్కనే ఉంది. తీయలేదు.

ఎవరింటికి వెళ్లినా ముందు ఆ ఇంట్లో ముసలివాళ్లను పలకరించేవాడు. అది నేను నేర్పిందే. చిన్నప్పటి నుంచీ ఒకే మాట చెప్పేదాన్ని వాడికి. ఒకరింటికి పనికి పోతే వాళ్లకు తిప్పలు పెట్టొద్దు, పని జరిగినట్టు కూడా తెలియకుండా చేసి రావాలి అని. నేనట్లానే బతికాను, వాడూ అట్లానే బతకాలనుకున్నాను.

పోయిన ఎండాకాలం నేను మా మెట్ల మీద జారిపడ్డాను. మెట్లు మలుపు తిరిగే చోట. లైటు స్విచ్చు కింద నడవలో ఒక్కటే ఉండేది. కింద ఆర్పి, చీకట్లో గోడ పట్టుకొని ఎక్కేదాన్ని. మోకాలు వాచింది. వాడు మోకాలు చూశాడు, మెట్లు చూశాడు, మూడు చోట్ల స్విచ్చులు పెడతానన్నాడు. నడవలో ఒకటి, మలుపులో ఒకటి, పైన గది ముందు ఒకటి. ఎక్కడ నొక్కినా వెలగాలి, ఎక్కడ నొక్కినా ఆరాలి.

"మూడెందుకురా, మనమేమన్న దొరలమా?" అన్నాను.

"దొరలకైతే లైటు బంద్ చేసెతందుకు పనోళ్లుంటరు. మనకే గావాలె స్విచ్చులు" అన్నాడు.

వాడు పోవడానికి ముందు ఆదివారం ఇద్దరం కలిసి గోడలోని పైపుల్లో వైర్లు లాగాం. వాడు పైనుంచి తోసేవాడు, నేను మలుపులో కూర్చొని అందుకునేదాన్ని. నడిమి స్విచ్చుకు నాలుగు వైర్లు వస్తాయి, కింది నుంచి రెండు, పైనుంచి రెండు. ఇంట్లో మిగిలి ఉన్నది ఎర్ర వైరు చుట్ట ఒక్కటే, నాలుగూ ఎర్రవే అయ్యాయి. జత మారితే పని చెడుతుందని నా చేత ముళ్లు వేయించాడు. కింది వాటికి ఒక్కో ముడి, పై వాటికి రెండేసి. ఆ నడిమి స్విచ్చు వేరే రకమట, అంగట్లో లేదు. వారంలో తెప్పిస్తామన్నారు. కొసలకు టేపు చుట్టి గోడలోని స్విచ్చు డబ్బా అట్లానే వదిలాడు. ఆ రోజే చెప్పాడు నాకు.

"అమ్మా, లైటు బందయ్యిందంటే కరెంటు బందయ్యిందని గాదు. మెయిన్ తీసినంకనే చెయ్యి పెట్టాలె."

ఇంత తెలిసినవాడు ఎట్లా పోయాడని అందరూ అడుగుతారు. నేనూ అడిగాను, వాడి జతలో పనిచేసే దోస్తును. ఆ ఇంట్లో ఒక ముసలాయనకు ఊపిరి మిషన్ నడుస్తోందట. మెయిన్ తీయొద్దని ఎవరూ అనలేదు. పెద్దాయనకు తిప్పలెందుకు, ఒక్క హోల్డరే కదా అని మా వాడే అన్నాడట. ఆ మెట్ల లైటుకు ఎవరో ఎప్పుడో వైరు మిగుల్చుకోవడానికి తప్పుగా కలిపారు. లైటు ఆరినా హోల్డరులో కరెంటు ఉంటుంది అట్లా కలిపితే. కరెంటు చూసే టెస్టరు వాడి చొక్కా జేబులోనే దొరికింది.

దినాలు అయ్యాక ఆ దోస్తు పనికి పోవడం మానేశాడు. స్విచ్చు వచ్చిందని అంగడివాళ్లు చెబితే నేనే వాణ్ణి పిలిపించాను. వచ్చాడు, గుమ్మం దాటలేదు.

"పెద్దమ్మా, ఆ దినం ఆ ఇంట్ల కింద స్విచ్చు నొక్కింది నేనే. బందయ్యింది, పెట్టు చెయ్యి అన్న."

వాడిని ఏమనాలి? కోపం కోసం వెతుక్కున్నాను. దొరకలేదు.

"తిప్పలు పెట్టొద్దని నేను గూడ అన్న బిడ్డా, చిన్నప్పటి సంది. లోపలికి రా" అన్నాను.

మెయిన్ ఆపి, రెండు ఫ్యూజులూ పీకి నా కొంగులో ముడివేసుకున్నాను. వాడు మలుపులో కూర్చొని టేపు విప్పాడు. నాలుగు ఎర్ర వైర్లను చూస్తూ ఉండిపోయాడు. ఒక ముడి కిందివి, రెండు ముళ్లు పైవి అని చెప్పాను. ముళ్లను కత్తిరించబోయి నా వైపు చూశాడు. కటింగ్ ప్లేరు పక్కన పెట్టాడు. కొసలు మాత్రం ఒలిచి బిగించి, ముళ్లను అట్లానే డబ్బా లోపలికి సర్ది మూత వేశాడు. మా కొడుకు చూసిన ముళ్లు, నా చేతి ముళ్లు, ఇక కనబడవు.

"ఫ్యూజులియ్యి పెద్దమ్మా, చూస్తం."

"మొదలు కిందికి రా" అన్నాను.

ఒక్కో మెట్టూ దిగి వచ్చి నా పక్కన నిలబడి, రెండు చేతులూ చాపి చూపించాడు. అప్పుడు కొంగు విప్పాను.

నడవలో స్విచ్చు నొక్కాడు, లైటు వెలిగింది. మలుపులో ఆర్పి చూడాలి, పైన ఆర్పి చూడాలి. పని సరిగా అయిందో లేదో తెలిసేది అప్పుడే. కానీ వైర్ల పనిలో ఒకరు నొక్కితే ఇంకొకరు చూసి చెప్పాలి, బందయ్యింది అని. ఆ మాట వాడి నోట రాదు, నా నోటా రాదు.

ఇద్దరం నడవలోనే నిలబడి ఉన్నాం. మిట్టమధ్యాహ్నం, వాకిలి నిండా ఎండ. మెట్ల మీద ఆ లైటు అట్లానే వెలుగుతూ ఉంది.