రాజ్యం పిన్ని మార్చిన ముగింపు

మా రాజ్యం పిన్నికి పొగరెక్కువ. నాకు ఆ పొగరంటేనే ఇష్టం. రంగూన్‌లో మా పజుండౌంగ్ పేట పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ, పాత పుస్తకాల బండి మీద ఇంగ్లీషులో దొరికిన ఒక స్వీడన్ నవలను తెలుగులోకి దించేసింది. దాన్ని రాసిన ఎల్సా నూర్బెరి యూనివర్సిటీలో సాహిత్యం బోధిస్తూ, చేపల రేవుల ఆడవాళ్ల మీద నవలలు రాసేదట. కథను మన సౌకర్యం కోసం సర్దకూడదని ముందుమాటలో రాసింది. పిన్నికి అదే వేదం.

ఇండియా నుంచి తెలుగు పుస్తకం వచ్చి ఏళ్లయింది. అందుకని పిన్ని తన అనువాదాన్నే ప్రతి శుక్రవారం వీధిలో ఆడవాళ్లకు చదివి వినిపించేది.

"మంచు బదులు వాన పెట్టరాదేటి?" అని మణిమాల అడిగితే, "మంచంటే మంచే. చలేస్తే దుప్పటి కప్పుకుని విను" అనేది.

ఎనభై ఎనిమిది ఆగస్టులో మా వీధి అప్పలనరసమ్మ కొడుకు జోగి తన్లిన్ చమురు రిఫైనరీలో పని మానేసి, సర్కారు దిగిపోవాలని సాగిన ఊరేగింపులో నడిచాడు. కాల్పుల్లో పోయాడు. శవాన్ని కూడా ఇవ్వలేదు. తర్వాత సైన్యం గద్దెనెక్కి, అయిదుగురికి మించి గుమికూడకూడదంది. పిన్ని మమ్మల్ని నలుగురిని పిలిచి, అయిదోదాన్ని నేనేనంటూ తలుపేసింది.

ఇక చివరి అధ్యాయమే మిగిలింది. అందులో సముద్రం మీదికి వెళ్లిన కథానాయిక కొడుకు మునిగిపోతాడు. ఎదురుగా అప్పలనరసమ్మ కూర్చుంది. జోగి పోయాక ఆమె గడప దాటి రావడం అదే మొదలు.

పురాణమైనా ఏడుపు దగ్గర ఆపకుండా శుభంతో ముగించడం మనవాళ్ల ఆనవాయితీ. పిన్ని దాన్నే సాకుగా పట్టుకుంది. పడవ ఒడ్డుకు చేరిందని, కొడుకు తల్లి చేతి చేపల పులుసు తిన్నాడని చదివేసింది.

మణిమాల కళ్లు తుడుచుకుంది. అప్పలనరసమ్మ కదల్లేదు.

"కాయితం తిప్పలేదు నువ్వు. ఆ యమ్మ అలాగ రాయలేదు" అంది.

పిన్ని తల వంచుకుంది. అలా వంచుకోవడం నేనెప్పుడూ చూడలేదు. "నీ ఎదట ఎలా చదవను, నరసమ్మప్పా?"

"ఆడు పోయాడని నాకు తెల్దేటి? కొడుకు పోయినాక ఆ తల్లి ఏటి సేసిందో, ఎలాగ బతికిందో, అది సదువు. నాకది కావాల."

పిన్ని కళ్లజోడు తుడుచుకుని కాగితం తిప్పింది. పుస్తకంలో ఆ తల్లి మర్నాడు పొద్దున్నే లేచి, అలవాటు కొద్దీ రెండు కంచాలు పెట్టి, ఒకటి తీసి లోపల పెట్టింది. తిన్నది. రేవుకు పనికి వెళ్లింది.

"ఇంకోపాలి సదువు" అంది అప్పలనరసమ్మ.

పిన్ని మళ్లీ చదివింది, ఒక్క మాటా మార్చకుండా.